ఈసీలో కనిపించని ఇద్దరు ఆడపడుచులు: కర్నూలు దగ్గర ఒక ఇంటి కొనుగోలు

కొనుగోలుదారులు భార్యాభర్తలు. ఆయన కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, ఆమె నర్సు. చేతిలో 11 లక్షలు ఉన్నాయి, 27 లక్షల దాకా బ్యాంకు అప్పు వస్తుంది. ఆ డబ్బుకు కర్నూలులో దొరికేది ఊరి అంచున రెండో అంతస్తులో ఫ్లాటు. వాళ్లకేమో నేలమీద ఇల్లు కావాలి, ఆయన తల్లి మెట్లెక్కలేరు. అందుకని బస్సులో గంట, గంటంబావు దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణంలో వెతికారు. ఊరి పేరు చెప్పడం లేదు. నందికొట్కూరు, గూడూరు, డోన్ వీటిలో ఏదైనా అనుకోవచ్చు. మనుషులను పోల్చుకునే వివరాలు మార్చాం. లెక్కలు, దస్తావేజుల వరస, తీసుకున్న నిర్ణయాలు మాత్రం కేసులో ఉన్నవే.

ఇల్లు మూడు సెంట్ల స్థలంలో 2014లో కట్టిన డాబా. రెండు పడక గదులు, హాలు, వంటగది, బయట బోరు. చెప్పిన ధర 36 లక్షలు. అమ్మేవాడు ఆ ఇంట్లోనే ఉంటున్న పెద్దకొడుకు, వయసు అరవై దాటింది. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు కాబట్టి అమ్మి వెళ్లిపోవాలని ఆయన ఆలోచన. అమ్మడానికి కారణం నిజమైనదే. అలాంటి కారణం వినగానే కొనేవాళ్లకు సగం భయం పోతుంది, కాగితాలు చూడటంలో సడలింపు కూడా అక్కడే మొదలవుతుంది.

ఫైలు, ఆస్తి కాగితాలు పరిశీలించే మా దగ్గరికి వచ్చేసరికి లక్ష రూపాయలు కట్టేశారు. యూపీఐలో, అదీ బ్రోకరు ఖాతాకు. రసీదు లేదు, అగ్రిమెంటు లేదు. మిగతా అడ్వాన్సు ఐదు లక్షలు వారంలో ఇమ్మని ఒత్తిడి. మమ్మల్ని అడిగింది ఒక్కటే: "ఈసీ క్లియర్‌గా ఉంది సార్, అగ్రిమెంటు రాసిస్తారా?" ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపించే ధ్రువపత్రం.

కాగితాల్లో ఏముంది

ఇచ్చిన కట్టలో ఆరు కాగితాలున్నాయి. 1994 నాటి రిజిస్టర్డ్ అమ్మకపు దస్తావేజు, తండ్రి పేరున. తండ్రి 2011లో చనిపోయినట్టు మరణ ధ్రువీకరణ పత్రం. 2013లో వంద రూపాయల స్టాంపు కాగితంపై రాసుకున్న పారీఖత్తు (ఆస్తి పంపకం కాగితం), రిజిస్టరు కాలేదు. పెద్దకొడుకు పేరున ఇంటి పన్ను రసీదులు. 2014 నాటి మున్సిపల్ ప్లాను. ముప్పై ఏళ్ల ఈసీ.

ఈసీలో రెండే ఎంట్రీలు. ఒకటి 1994 కొనుగోలు. రెండోది 2014లో పెద్దకొడుకు ఇల్లు కట్టడానికి తీసుకున్న అప్పు తాలూకు తాకట్టు మెమోరాండం. అప్పు 2021లో తీరిపోయింది, బ్యాంకు ఇచ్చిన లేఖ కూడా చూపించారు. కానీ తాకట్టు రద్దయినట్టు ఈసీలో ఎంట్రీ లేదు. తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్ రికార్డులో వెతికితే అక్కడా తాకట్టు అలాగే నిలిచి ఉంది. అంటే "క్లియర్" అన్న ఈసీ, దాని సొంత లెక్క ప్రకారం కూడా క్లియర్ కాదు. దీన్ని సరిచేయడం తేలిక. పాత బ్యాంకు రద్దు దస్తావేజు రాసిచ్చి, సెర్సాయ్‌లో తీరుదల నమోదు చేస్తే సరిపోతుంది. ఈ కేసులో రెండు వారాలు పట్టింది.

అసలు చిక్కు ఆ రెండు ఎంట్రీల మధ్య ఉన్న ఖాళీలో ఉంది. 1994లో స్థలం తండ్రిది. 2014లో కొడుకు దాన్ని తనదిగా తాకట్టు పెట్టాడు. తండ్రి పేరు మీద ఉన్న స్థలం కొడుకు పేరు మీదికి ఏ దస్తావేజుతో వచ్చింది? ఈ ప్రశ్నకు ఈసీలో జవాబు ఉండదు. ఈసీ చెప్పేది రిజిస్టరైన లావాదేవీల గురించే. మనిషి చనిపోతే ఆస్తి ఆ క్షణమే వారసులకు సంక్రమిస్తుంది, ఎవరూ ఎక్కడా సంతకం పెట్టనక్కర్లేదు. కాబట్టి ఈసీలో అది కనబడదు. ముప్పై ఏళ్లకు తీసినా, అరవై ఏళ్లకు తీసినా అంతే.

కుటుంబంలో ఎవరెవరున్నారని అడిగితే అమ్మేవాడు మొదట "మేమిద్దరం అన్నదమ్ములం, అమ్మ" అన్నాడు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెమ్మంటే ఐదు పేర్లు వచ్చాయి: తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. దాచాలని చెప్పిన మాట అనిపించలేదు. ఆడపిల్లలను ఆస్తి లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఈ ప్రాంతంలో ఎక్కువ ఫైళ్లు ఇలాగే వస్తాయి.

వాదనలు, వాటి బలం ఎంత

అమ్మేవాడి తరఫున నాలుగు వాదనలు వచ్చాయి. ప్రతిదాన్నీ విడిగా తూచాలి, ఎందుకంటే నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది.

మొదటిది: "పెద్ద చెల్లెలికి 1984లోనే పెళ్లయింది, అప్పటి చట్టం ప్రకారం పెళ్లయిన ఆడపిల్లకు భాగం లేదు." ఈ మాటకు మూలం ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అంతకుముందే పెళ్లయిన కూతుళ్లను మినహాయించింది. నిజమే. కానీ ఆ మినహాయింపు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కుకు సంబంధించినది. ఈ స్థలం తండ్రి 1994లో తన జీతం డబ్బుతో కొన్నది, స్వార్జితం. వీలునామా రాయకుండా చనిపోయాడు. అలాంటి ఆస్తికి వర్తించేది చట్టంలోని 8వ సెక్షను: భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ మొదటి తరగతి వారసులు, అందరికీ సమాన భాగం. ఈ సూత్రం 1956 నుంచీ ఉంది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణ రాకపోయినా ఈ కేసులో ఫలితం మారదు. పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్నే ఇక్కడ పుట్టదు. ఐదుగురికి తలా ఐదో వంతు.

రెండోది పారీఖత్తు. కుటుంబంలో నోటిమాటగా ఎప్పుడో పంచుకుని, ఆ సంగతిని తర్వాత జ్ఞాపకంగా రాసుకుంటే ఆ కాగితానికి రిజిస్ట్రేషను అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. అమ్మేవాడి వకీలు పట్టుకున్నది దీన్నే. అయితే కాగితం ఏ భాషలో రాశారో చూడాలి. ఇందులో "నేటి నుండి ఎవరి భాగమునకు వచ్చిన ఆస్తిని వారు సర్వహక్కులతో అనుభవించుకొనునది" అని ఉంది. అంటే హక్కును ఆ కాగితమే పుట్టిస్తోంది, గతంలో జరిగినదాన్ని గుర్తు చేయడం లేదు. అప్పుడు రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను ప్రకారం రిజిస్టరు కావాల్సిందే, కాకపోతే 49వ సెక్షను ప్రకారం ఆ పంపకానికి సాక్ష్యంగా చెల్లదు. ఇదంతా పక్కన పెట్టినా కూతుళ్లిద్దరూ అందులో సంతకం పెట్టలేదు. సంతకం లేని మనిషి భాగం ఏ పారీఖత్తూ తీసేయలేదు.

మూడోది: "పన్నెండేళ్లు దాటిపోయింది, ఇంక వాళ్లకేం హక్కు?" ఉమ్మడి హక్కుదారుల్లో ఒకడు ఇంట్లో ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. మిగతావాళ్లను బయటికి నెట్టి, వాళ్లకు తెలిసేలా హక్కును నిరాకరించినట్టు రుజువు చేస్తేనే పన్నెండేళ్ల లెక్క మొదలవుతుంది. చెల్లెళ్లు ప్రతి సంక్రాంతికీ ఆ ఇంటికే వచ్చిపోతున్నారు. నెట్టేసిన రోజు ఏదీ లేదు.

నాలుగోది బ్రోకరుది, అన్నింటికంటే గట్టిగా వినిపించింది. "బ్యాంకే అప్పు ఇచ్చినారు కదా సార్, వాళ్లు చూసుకోకుండా ఇస్తారా?" బ్యాంకు 2014లో చూసింది పన్ను రసీదు, ప్లాను, అప్పు తీసుకునేవాడి జీతం. అప్పు తీరింది, వాళ్ల అవసరం తీరింది. పన్ను రసీదు పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుంది, హక్కు ఎవరిదో చెప్పదు.

ఇలా కొంటే ఏమవుతుందో కొనుగోలుదారులకు లెక్క రూపంలో చెప్పాం. ఉమ్మడి హక్కుదారు ఒక్కడే అమ్మితే కొన్నవాళ్లకు వచ్చేది అతని భాగమే, ఇక్కడ స్థలంలో ఐదో వంతు. ఆస్తి బదలాయింపు చట్టం 44వ సెక్షను ప్రకారం, విడిపోని కుటుంబపు నివాస గృహంలో భాగం కొన్న బయటివాడు ఆ కుటుంబంతో కలిసి ఉండే హక్కు కూడా అడగలేడు. భాగానికి దావా వేసి విడగొట్టుకోవాల్సిందే. 36 లక్షలు పెట్టి దావా కొన్నట్టు.

మిగతా పరిశీలనలు తేలిగ్గా పోయాయి. 1994 దస్తావేజుకు లింకు, అంటే దానికి ముందటి దస్తావేజు, 1979 నాటిది. కంప్యూటరు ఈసీ 1983 నుంచే వస్తుంది కాబట్టి అంతకుముందుదాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు వెతికించి నకలు తీశాం. సర్వే నంబరు పాత భూ రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టా భూమిగానే ఉంది, పట్టాదారు గడిలో చుక్కలు (హక్కుదారు తేలలేదనే గుర్తు) లేవు. రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22ఏ జాబితాలో లేదు. ఈ-కోర్టుల్లో కుటుంబ సభ్యుల ఐదు పేర్లతోనూ వెతికాం, పెండింగు దావా లేదు. కొనేముందు రోజు ఇంకోసారి వెతకాలని ఫైలు మీద రాసుకున్నాం. దావా నడుస్తుండగా కొంటే అదే ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షను కింద ఆ తీర్పు కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

చేసి చూసినవి, పనికిరానివి

అమ్మేవాడు మొదట తెస్తానన్నది చెల్లెళ్ల నోటరీ అఫిడవిట్లు. అసలు తెచ్చింది ఒక్కటే, పెద్ద చెల్లెలిది: "మా అన్న అమ్ముకొనుటకు నాకు అభ్యంతరము లేదు." ఇలాంటివి ఈ ప్రాంతంలో ఫైలుకొకటి కనిపిస్తాయి. స్థిరాస్తిలో భాగం నోటరీ ముద్రతో చేతులు మారదు, రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలి. అభ్యంతరం లేదనడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. రేపు ఆమె కొడుకు వచ్చి "మా అమ్మ అభ్యంతరం లేదంది, భాగం ఇస్తానని అనలేదు" అంటే జవాబు ఉండదు.

తర్వాత వచ్చిన సలహా, చెల్లెళ్లతో అమ్మకపు దస్తావేజులో సాక్షులుగా సంతకం పెట్టించడం. సాక్షి సంతకం, తన ఎదుట ఎవరు సంతకం చేశారో చెప్పడానికే. దస్తావేజులో ఉన్నది సాక్షికి తెలిసినట్టు, ఒప్పుకున్నట్టు దానివల్ల తేలదు. ఇది కూడా వద్దన్నాం. వద్దనడానికి ఇంకో కారణం ఉంది. అమాయకంగా సాక్షి సంతకం పెట్టిన చెల్లెలికి తర్వాత సంగతి తెలిస్తే కోపం రెట్టింపవుతుంది, దావా ఖాయమవుతుంది.

పేపర్లో ప్రకటన వేశాం, పదిహేను రోజుల గడువుతో. ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు కాబట్టి హక్కు లేదని కాదు. బయటి అగ్రిమెంట్లు, చేతి అప్పులు ఏమైనా ఉంటే బయటపడతాయని వేశాం, అంతవరకే. అమ్మేవాడి వకీలు దాన్ని చెల్లెళ్ల భాగానికి జవాబుగా వాడబోయాడు. ఒప్పుకోలేదు.

చివరికి నష్టపరిహార బాండు ఇస్తానన్నాడు. బాండు విలువ ఇచ్చినవాడి ఆస్తిని బట్టి ఉంటుంది. ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి హైదరాబాదు వెళ్లేవాడి బాండు వసూలు చేసేదెక్కడ?

ఈ దశలో మా వైపు కూడా ఒక పొరపాటు జరిగింది. చిన్న చెల్లెలు బెంగళూరులో ఉంటుంది. ఆమెతో కొనుగోలుదారులే మాట్లాడితే పని తొందరగా అవుతుందని అనుకుని ఫోను చేయనిచ్చాం. ఆమెకు వినబడింది వేరు: అన్న తనకు చెప్పకుండా ఇల్లు బేరం పెట్టాడని, కొనేవాళ్లు తన సంతకం కోసం తిరుగుతున్నారని. అంతకుముందే అన్న "చీర సారె కింద" యాభై వేలు ఇస్తానన్నాడట. ఆమె మొత్తం 36 లక్షల్లో ఐదో వంతు, అంటే 7 లక్షల 20 వేలు అడిగింది. మూడు వారాలు మాటల్లేవు. కుటుంబ లెక్కల్లోకి కొనేవాళ్లను దించకూడదు. వాళ్లు చెప్పాల్సింది ఒక్కటే: ఐదుగురూ సంతకం పెడితే కొంటాం, లేకపోతే లేదు. ఎవరికెంత అన్నది లోపలివాళ్లు తేల్చుకోవాలి.

గోడ మీద పగులు

మాటలు ఆగిన ఆ రోజుల్లో ఇంటిని సివిల్ ఇంజనీరుతో చూపించాం. ఆ పట్టణంలో నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని బీటలిస్తుంది, పునాదిని పైకీ కిందికీ ఆడిస్తుంది. ఇంటికి కొత్తగా రంగు వేసి ఉంది. ఈశాన్యపు గదిలో మాత్రం కిటికీ కింది మూల నుంచి ఏటవాలుగా పునాది దాకా పుట్టీ పూసిన గీత కనిపించింది. గోరుతో గీకితే పుట్టీ రాలింది. పగులు కింద 3 మిల్లీమీటర్లు, పైకి పోయేకొద్దీ సన్నం.

ఈ వెడల్పు చాలా సంగతి చెబుతుంది. మూల కుంగితే పగులు పైన వెడల్పుగా ఉంటుంది. ఇక్కడ కింద వెడల్పు, అంటే మూల కుంగలేదు, లేచింది. ఆ గోడ పక్కనే గదిలో రెండు టైల్సు కూడా ఉబ్బి ఉన్నాయి. బయటికి వెళ్లి చూస్తే కారణం దొరికింది: స్నానాల గది నీళ్లు పోయే ఇంకుడు గుంత గోడకు నాలుగడుగుల దూరంలో ఉంది. మిగతా మూడు మూలల్లో నేల ఎండి ఉంటే ఈ మూల ఏడాదంతా తడి.

గోడ పక్కన మూడడుగుల చదరంలో గుంత తవ్వించి పునాది చూశాం. రాతి పునాది నాలుగడుగుల లోతు, రేగడి దాదాపు ఐదడుగుల దాకా, ఆ కింద గరుసు. పునాది రేగడిలోనే ఆగిపోయింది, ఇంకో అడుగు తవ్వి ఉంటే గట్టి నేల తగిలేది. ప్లింతు బీము (పునాది మీద చుట్టూ పోసిన కాంక్రీటు దూలం) ఉంది కాబట్టి ఇల్లు ఇంతవరకు నిలబడింది. లోతైన రేగడిలో కొత్తగా కట్టేవాళ్లు కింద ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు, కనీసం మూడున్నర మీటర్ల లోతు. కట్టేసిన ఇంటికి అది కుదరదు. ఇక్కడ చేయగలిగింది తడిని దూరం చేయడం.

ఇంకుడు గుంతను మూసి నీళ్లను మున్సిపల్ కాలువకు కలపాలి. గోడ చుట్టూ అయిదడుగుల వెడల్పున గరుసు పరిచి, బయటికి వాలుగా సిమెంటు అప్రాన్ వేయాలి. పగులును ఇనుప చువ్వలతో కుట్టినట్టు బిగించాలి. ఇంజనీరు అంచనా లక్షా ఇరవై వేలు. పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చని బ్రోకరు చెప్పిన మాటను మాత్రం మర్చిపొమ్మన్నాడు. నాలుగడుగుల రాతి పునాది మీద ఆ లెక్క వేయలేం.

పగులు ఇంకా నడుస్తోందా, ఆగిందా అన్నది కంటితో తేలదు. పగులుకు అడ్డంగా పల్చటి గాజు పలకను రెండు కొసలా ప్లాస్టరుతో అతికించి తేదీ రాశాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. మొదటి పలక పద్దెనిమిదో రోజున పగిలింది. అప్పుడు అమ్మేవాడు గుంత మూసి కాలువ కలపడానికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అతికించిన రెండో పలక రిజిస్ట్రేషను రోజు దాకా నిలిచింది. వారసుల గొడవ వల్ల పట్టిన సమయమే దీనికి పనికొచ్చింది.

స్థలం కొలతలోనూ తేడా వచ్చింది. దస్తావేజు ప్రకారం 36 అడుగుల 4 అంగుళాలు ఇంటూ 36 అడుగులు, అంటే మూడు సెంట్లు. సెంటుకు 435.6 చదరపు అడుగులు. టేపు పెడితే రోడ్డు వైపు 34 అడుగుల 6 అంగుళాలే ఉంది, మిగతాది మురుగు కాలువలోకి పోయింది. 1,242 చదరపు అడుగులు, అంటే 2.85 సెంట్లు. అక్కడ సెంటు నాలుగు లక్షలు, తేడా దాదాపు అరవై వేలు. కొత్త దస్తావేజు చెక్కుబందీలో (హద్దుల వివరంలో) నేలమీద ఉన్న కొలతే రాయాలని పట్టుబట్టాం. పాత కొలత రాయిస్తే లేని దాదాపు రెండడుగుల కోసం పొరుగువాళ్లతో, మున్సిపాలిటీతో తగువు వస్తుంది.

బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.8 మిల్లీగ్రాములు వచ్చింది, తాగునీటి ప్రమాణంలో గరిష్ఠ పరిమితి 1.5. వాడకానికి పర్వాలేదు. తాగడానికి మున్సిపల్ కొళాయి, లేదంటే ఆర్‌ఓ.

పని జరిగిన దారి

చిన్న చెల్లెలి దగ్గర చిక్కు విడిపోయింది ఒక విడదీతతో. స్థలం తండ్రిది, ఐదుగురిది. ఇల్లు పెద్దకొడుకు తన పేరున అప్పు తీసుకుని, ఆ అప్పు తానే తీర్చి కట్టినది. 36 లక్షల్లో స్థలం విలువ దాదాపు 12 లక్షలు, అందులో ఐదో వంతు 2 లక్షల 40 వేలు. ఇది న్యాయస్థానం వేసే కచ్చితమైన లెక్క అని కాదు, రెండు వైపులా ఒప్పుకోదగిన ఆధారం. ఇంటి అప్పు స్టేట్‌మెంటు, ప్లాను తేదీ చూపించి కుటుంబ పెద్ద ఒకాయన మాట్లాడాక యాభై వేలకూ, ఏడు లక్షల ఇరవై వేలకూ మధ్య చెరి మూడు లక్షల దగ్గర కుదిరింది. తల్లి తన భాగానికి డబ్బు వద్దంది.

చిన్నకొడుకు ఇంకో మెలిక పెట్టాడు. పారీఖత్తులో తనకొచ్చిన ఇంకో స్థలానికీ ఇదే లోపం ఉందని అప్పుడు తెలిసింది. చెల్లెళ్లు తనదాని మీద కూడా హక్కు విడుదల రాసిస్తేనే ఇక్కడ సంతకం అన్నాడు. ఆ సంగతి ఈ కొనుగోలుకు ముడిపెట్టొద్దని గట్టిగా చెప్పాం. అది వేరే దస్తావేజు, వాళ్ల ఖర్చు. అదే రోజు, అదే ఆఫీసులో రాసుకుంటే మాకు అభ్యంతరం లేదు. అలాగే చేసుకున్నారు.

ఇక దస్తావేజు రూపం. రెండు దారులున్నాయి. తల్లి, తమ్ముడు, చెల్లెళ్లు పెద్దకొడుక్కి హక్కు విడుదల రాసిస్తే అతనొక్కడే అమ్మొచ్చు. లేదా ఐదుగురూ అమ్మకందారులుగా ఒకే అమ్మకపు దస్తావేజు రాయొచ్చు. రెండోదే ఎంచుకున్నాం. మొదటి దారిలో విడుదలకు వేరే స్టాంపు ఖర్చు. పైగా విడుదల రిజిస్టరయ్యాక పెద్దకొడుకు ఇంకొకరికి ఎక్కువకు అమ్మే అవకాశం ఉంటుంది. మన కొనుగోలుదారుల లక్ష తప్ప అతన్ని కట్టిపడేసేది ఏమీ లేదు. ఐదుగురూ ఒకే రోజు సంతకం పెడితే ఆ మధ్యకాలమే ఉండదు.

అగ్రిమెంటు కొత్తగా రాశాం. బ్రోకరుకు పోయిన లక్షను అమ్మేవాడు తనకు ముట్టినట్టు ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు, ఇంకే అడ్వాన్సూ లేదు. తొంభై రోజుల్లో ఐదుగురి సంతకం, తాకట్టు రద్దు జరగకపోతే పదిహేను రోజుల్లో డబ్బు వాపసు. ధర 34 లక్షల 50 వేలకు తగ్గింది: కొలత తేడాకు, మరమ్మతుకు కలిపి లక్షా యాభై వేలు.

చివర్లో దస్తావేజులో 22 లక్షలే చూపించి మిగతాది నగదుగా ఇమ్మన్నారు. కొనుగోలుదారులు తడబడ్డారు, ఎందుకంటే స్టాంపు, బదిలీ పన్ను, రిజిస్ట్రేషను ఫీజు కలిపి 7.5 శాతం. 34.5 లక్షలకు 2,58,750, 22 లక్షలకు 1,65,000. తొంభై మూడు వేలు మిగులుతాయి. కానీ బ్యాంకు 30 లక్షల లోపు అప్పుకు ఇచ్చేది ఆస్తి విలువలో గరిష్ఠంగా 90 శాతం, అదీ దస్తావేజు విలువను బట్టి. 22 లక్షలకు 19 లక్షల 80 వేలే వస్తుంది. అంటే 27 లక్షల అప్పులో 7 లక్షల 20 వేలు తగ్గి, అది చేతి నుంచి పెట్టుకోవాలి. తొంభై మూడు వేల కోసం ఏడు లక్షలు. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. రేపు హక్కులో లోపం బయటపడి డబ్బు వాపసు అడిగితే చేతిలో ఉండే రుజువు దస్తావేజులో రాసిన 22 లక్షలే. ఈ మూడోది చెప్పాక ఆ మాట మళ్లీ రాలేదు.

రిజిస్ట్రేషను రోజు తల్లి రాలేని స్థితి. మంచం మీద ఉన్నవాళ్ల ఇంటికి సబ్ రిజిస్ట్రారు వచ్చి సంతకం తీసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, డాక్టరు ధ్రువపత్రం, ఫీజు కట్టాలి. జీపీఏ (ఆమె బదులు ఇంకొకరు సంతకం పెట్టేందుకు ఇచ్చే అధికార పత్రం) తీసుకోవచ్చని ఆఫీసు బయట దస్తావేజు రైటరు చెప్పాడు. తొంభై దగ్గరపడ్డ మనిషి ఇచ్చిన జీపీఏ ఆమె చనిపోతే ఆ క్షణమే పోతుంది కాబట్టి వద్దన్నాం. చిన్న చెల్లెలు బెంగళూరు నుంచి స్వయంగా వచ్చింది. చెల్లెళ్లకు చెరి మూడు లక్షల డీడీలు, పెద్దకొడుక్కి 27 లక్షల 50 వేలకు డీడీలు, ముందిచ్చిన లక్ష. ఎవరికి ఏ నంబరు డీడీ ముట్టిందో దస్తావేజులోనే రాశాం. తల్లి ఆధారులో పేరు పాత కాగితాల్లో ఉన్నట్టు లేదు, ఒక్క అక్షరం తేడా. దానికి ఇద్దరూ ఒకరేనని ముందే అఫిడవిట్ తీసుకోకపోయి ఉంటే ఆ రోజు పని ఆగేది.

ఇప్పుడు ఫైలు చూసే వరస

ఇంతకుముందు మొదటి కాగితంగా ఈసీ అడిగేవాళ్లం. ఇప్పుడు మొదట అడిగేది వంశవృక్షం. అమ్మేవాడి పేరు మీద నేరుగా కొన్న దస్తావేజు లేకపోతే, అది ఎవరి నుంచి వచ్చిందో ఆ మనిషి బతికున్నాడా, పోయాడా, ఎంతమంది పిల్లలు, కూతుళ్లు ఎందరు, వాళ్లలో ఎవరైనా పోతే వాళ్ల పిల్లలెవరు. అప్పుడు గానీ ఈసీలో ఏ పేర్లు వెతకాలో తెలియదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా పూర్తి రుజువు కాదు, వీధిలో ఇద్దరు పెద్దవాళ్లను అడిగితే అందులో లేని పేరు ఒక్కోసారి దొరుకుతుంది.

రిజిస్ట్రేషను తర్వాత మున్సిపాలిటీలో పన్ను పేరు మార్పు, ఎస్పీడీసీఎల్‌లో కరెంటు మీటరు పేరు మార్పు నెలలో అయ్యాయి. గోడ మీది గాజు పలకను తీయొద్దని చెప్పాం. రేగడి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడాలి. అప్పటిదాకా పగులు కుట్టించొద్దని, ఆ గదికి రంగు వేయొద్దని ఇంజనీరు రాసిచ్చాడు.